పట్టిన జీను

జీను కనబడగానే గుర్రం చెవులు వెనక్కి మలిచింది. అక్క ఒక అడుగు వెనక్కి వేసింది.

గుర్రం పేరు పీపా. పేరుకు తగ్గ ఒళ్ళు. గుండ్రటి పొట్ట, అడ్డంగా పెరిగిన భుజాలు, ఎత్తు లేని మూపు, కురచ వీపు. ఇలాంటి గుర్రం ఒకటి ఉంటుందని జీనులు కుట్టేవాళ్ళు కలలో కూడా అనుకోరు. ఏ జీను వేసినా గుమ్మడికాయ మీద టోపీలా పక్కకి జారుతుంది. జారకుండా పొట్ట కింద పట్టీ బిగిస్తే తోక విదిలిస్తుంది. ఇంకాస్త బిగిస్తే కరవబోతుంది. అప్పటికీ బుద్ధి రాకుండా ఎక్కితే ఏమవుతుందో అక్క మొగుణ్ణి అడగాలి. నడుం ఎముక చిట్లి మంచాన పడి ఉన్నాడు.

అతను కొండవాలు పళ్ళతోటకి కాపలాదారు. జీపు ఎక్కని వాలు, గుర్రం మీదే తిరగాలి. గుర్రం కాపలావాడే తెచ్చుకోవాలి. జీనూ వాడే కొనుక్కోవాలి. పడితే విరిగే నడుమూ వాడిదే. తోట ఒక్కటీ కంపెనీది. అతను పడ్డ రెండో రోజు కంపెనీ మేస్త్రీ పరామర్శకి వచ్చాడు. తోటలో రాలిన పళ్ళు నాలుగు సంచిలో వేసుకొచ్చి, సోమవారం నుంచి ఈ ఇంటి మనిషి ఎవరో ఒకరు గుర్రం మీద కనబడకపోతే వేరే వాళ్ళని పెట్టుకోవాల్సి వస్తుందని, తన చేతుల్లో ఏమీ లేదని చెప్పాడు. వాళ్ళ చేతుల్లో ఎప్పుడూ ఏమీ ఉండదు.

నేనెక్కుతాను అంది చెల్లెలు, మేస్త్రీ గుమ్మం దాటకముందే.

చెల్లెలికి భయం తెలియదని అందరూ మెచ్చుకుంటారు. అక్క భయమల్లా అదే. చిన్నప్పుడు అది ఎక్కిన ప్రతి గోడ కిందా చేతులు చాచి నిలబడింది తనే. ఈ గుర్రం కింద చేతులు చాచి ఎంత దూరం పరిగెత్తగలదు? మొగుడు పడ్డప్పుడు వచ్చిన చప్పుడు, తడి గోనెసంచి నేలకేసి కొట్టినట్టు వచ్చిన చప్పుడు, బియ్యం కడుగుతున్నా వినబడుతోంది, బట్టలు పిండుతున్నా వినబడుతోంది. ఇప్పుడా చప్పుడు చివర చెల్లెలి గొంతు కూడా వినబడటం మొదలైంది.

మంచం మీంచి మొగుడు సలహాలు ఇస్తూనే ఉన్నాడు. ఆ తోట కాపలావాళ్ళందరిదీ ఒకటే వైద్యం. గుర్రం గింజుకుంటే జీను కింద దుప్పటి వెయ్యి, అయినా గింజుకుంటే ఇంకో దుప్పటి. మెత్తగా ఉంటే నొప్పి ఉండదు, జారడమూ ఉండదు. మొగుడూ పెళ్ళాలు చలికి ముడుచుకు పడుకుని మరీ ఇంట్లో ఉన్న మంచి దుప్పటి పీపాకే ఇచ్చారు. అంత ప్రేమగా చూసుకున్నా విసిరికొట్టిందంటే అది పొగరు కాక ఏమిటని అతని బాధ. పాత జీను చట్రం కూడా ఆ పడటంలోనే విరిగింది. ఇంకొకటి కొనక తప్పదు.

అక్క ఒక వంగే తీగ తీసుకుని పీపా మూపు మీద ఒత్తి, ఆ వంపు అట్టముక్క మీద గీసి కత్తిరించింది. ఆ అట్ట చంకలో పెట్టుకుని చెల్లెలితో పాత సామాన్ల కొట్టుకి వెళ్ళింది. కొట్టాయన్ని ఊరంతా బాబాయ్ అంటుంది. బేరం దగ్గర మాత్రం ఆయన ఎవరికీ బాబాయి కాదు. కొత్త జీనుల వైపు వాళ్ళు తల కూడా తిప్పలేదు. వాళ్ళ చేతిలో ఉన్న డబ్బుకి వచ్చేవి రెండే. ఒకటి గోధుమరంగుది, తోలు నిగనిగలాడుతోంది. రెండోది ఎప్పుడో బరువు లాగే గుర్రం మీద వేసింది, వెడల్పుగా, చర్మం లేచిపోయిన కప్పలా ఉంది.

గోధుమరంగు దాని కింది వంపులో అట్ట దూరనని మొరాయించింది. బాబాయ్ బొటనవేళ్ళతో నొక్కి దూర్చాడు.

"చూడమ్మా, ఎలా పట్టిందో. కొలిచి కుట్టినట్టు లేదూ?"

కప్ప జీనులో అట్ట పెడితే పక్కన వేళ్ళు దూరేంత ఖాళీ ఉంది. ఇది లూజు అన్నారు ముగ్గురూ ఒకేసారి. లూజు అన్న మాట చెవిన పడగానే అక్క కళ్ళముందు చెల్లెలు జారిపోయింది, జీనుతో సహా పొట్ట కిందకి, డెక్కల మధ్యకి. గోధుమరంగుదే ఇమ్మంది. గీత పడకుండా తెస్తే మార్చి ఇస్తానని బాబాయ్ దగ్గర మాట తీసుకుంది.

ఇంటికి తెచ్చి, దుప్పట్లు పరిచి, జీను వేసి పట్టీ లాగారు. పీపా కదల్లేదు. తోక ఆడించలేదు, కాలు ఎత్తలేదు. చెల్లెలు మురిసిపోయింది. కిటికీ లోంచి మొగుడు కేకేశాడు.

"పట్టిందా?"

"పట్టింది బావా! నీకంటే నాకే మర్యాద ఇస్తోంది."

అక్కకి మాత్రం ఆ కదలకపోవడమే నచ్చలేదు. పీపా కంట్లో తెల్లగుడ్డు కనబడుతోంది. డొక్కలు ఆడటం లేదు. ఊపిరి బిగబట్టి దేనికోసమో కాచుకుని ఉన్నట్టుంది. మొగుడు పడ్డ రోజు కూడా ముందు ఇలాగే బుద్ధిగా నిలబడింది. ఇవాళ ఎక్కొద్దు అంది అక్క. చెల్లెలు మొహం మాడ్చుకుంది.

"నీ భయం దానికి అంటిస్తున్నావక్కా. నువ్వు కాస్త దూరంగా నిలబడితే అదే సర్దుకుంటుంది."

నిజమేనేమో అనిపించింది. భయపడేవాళ్ళకి అన్నీ నిజమే అనిపిస్తాయి.

దీపాలు పెట్టేవేళ మొగుడి నడుముకి డాక్టరు ఇచ్చిన బెల్టు కట్టాలి. గట్టి బెల్టు, అంచు ఒరుసుకుని చర్మం కందిపోయింది. పాపం మెత్తగా ఉంటుందని అక్క తువ్వాలు మడిచి లోపల పెట్టి, రోజూ పెట్టే రంధ్రంలోకే లాగి పెట్టింది. అతను కళ్ళు తేలేశాడు.

"తియ్యవే, తియ్యి! పట్టేసింది!"

"మెత్తగా ఉంటుందని పెట్టానయ్యా."

"మెత్తగానే ఉంది. మెత్తగానే చంపుతోంది."

బెల్టు ఊడదీసింది. తువ్వాలు చేతిలోనే ఉండిపోయింది. పట్టింది, పట్టేసింది. పొద్దున్నుంచి అందరూ ఆ మాటే అన్నారు. బాబాయ్ అన్నాడు, చెల్లెలు అంది, తను తలూపింది. ఇరుకు జీను కింద దుప్పటి వేయడమంటే ఇరుకు బెల్టులో తువ్వాలు కుక్కడమే. దుప్పటి మీద దుప్పటి వేసి, పట్టీ మీద పట్టు బిగించి, ఇన్నాళ్ళూ ఆ మూగజీవి ఎముకలు నొక్కారు. దానికి "తియ్యవే" అనే నోరు లేదు. ఉన్న దారల్లా ఎగిరి పడేయడమే.

కొట్టంలోకి వెళ్ళి పీపా మూపు పక్కన రెండు వేళ్ళతో నొక్కింది. గట్టిగా కూడా నొక్కలేదు. నొప్పికి వీపు మొత్తం కిందకి కుంగిపోయింది.

పొద్దున్నే జీను మార్చి తెచ్చింది. కప్ప జీను చూసి చెల్లెలు నెత్తి కొట్టుకుంది. మొగుడైతే నా పక్కన ఇంకో మంచం వేయించు అన్నాడు. జవాబు చెప్పడానికి అక్క దగ్గర తువ్వాలు కథ తప్ప ఏమీ లేదు. ఆ కథ విని ఇద్దరూ నవ్వారు. ఆమెకీ పూర్తి నమ్మకమేమీ లేదు. బెల్టు వేరు, జీను వేరు, మనిషి వేరు, గుర్రం వేరు. కానీ నిన్నటి పీపా కన్ను మాత్రం మర్చిపోలేకపోతోంది.

పలచటి గుడ్డ ఒక్కటే పరిచి కప్ప జీను వేసింది. పట్టీ లాగి, రోజూ పెట్టే రంధ్రం దాకా తెచ్చి, ఆగి, రెండు రంధ్రాలు వదులు చేసింది. చెల్లెల్ని చంపడానికి ఎవరైనా చేసే పని ఇదే కదా: ఎక్కేముందు పట్టీ వదులు చేయడం. పైగా మేస్త్రీ చూడ్డానికి వచ్చి గట్టున నిలబడ్డాడు. జీను ఊగుతోందమ్మా, బిగించు అంటున్నాడు. అక్క వినిపించుకోలేదు. వింటే బిగించేస్తుంది.

చెల్లెలు ఎక్కింది. జీను ఒక పక్కకి ఒరిగింది. ఒరిగి, కూర్చుని, ఆగింది. పీపా డొక్కల నిండా గాలి పీల్చి బుస్సున వదిలింది. మెడ కిందకి వంచింది. నడిచింది.

మొదటి మలుపు దాకా కనబడ్డారు. తరవాత చెట్లు కప్పేశాయి. డెక్కల చప్పుడు కాసేపు వినబడి అదీ ఆగిపోయింది. అక్క కదల్లేదు. ఇప్పుడు పడి ఉంటుంది. కాదు, ఇప్పుడు. ఒక కొమ్మ విరిగిన చప్పుడుకి గట్టు మీద కూలబడింది. మేస్త్రీ ఏదో అంటున్నాడు, పెదాలు కదలడం తప్ప ఏమీ వినబడలేదు.

ఉన్నట్టుండి డెక్కలు, వేగంగా, కింది మలుపు వైపు నుంచి. పీపా పరుగున వచ్చింది. చెల్లెలు మీదే ఉంది. జుట్టు ముడి ఊడిపోయింది, మొహంలో నెత్తురు చుక్క లేదు. చెల్లెలికి భయం వేయడం అక్క మొదటిసారి చూసింది. చూసి ఎందుకో కాస్త తెరిపిన పడింది.

"కొమ్మ విరిగి బెదిరింది. పడేస్తుందనుకున్నానక్కా" అంది దిగుతూ, మెల్లగా, బావకి వినబడకుండా. "పడేయలేదు."

జీను దించారు. పీపా వీపంతా చెమటతో నల్లగా తడిసి ఉంది. ఎడమ మూపు దగ్గర మాత్రం అరచేయంత మేర పొడిగా మిగిలింది. జీను నొక్కే చోట చెమట ఊరదు. అంటే అక్కడ ఇంకా నొక్కుతోంది. తక్కువే, కానీ నొక్కుతోంది. అక్క అక్కడ చెయ్యి వేస్తే చర్మం జలదరించింది.

మేస్త్రీ గట్టు దిగి వచ్చాడు.

"బాగానే ఉందిగా. సోమవారం నుంచి పైవాలు కూడా తిరిగేయమ్మా."

"పైవాలుకి పోదు" అంది అక్క. అక్కడితో ఆపలేదు. "జీను ఆ పక్క కాస్త కోసి సర్దించాలి. అప్పటిదాకా కిందవాలే, నడకే. కుదరదంటే వేరే వాళ్ళని చూసుకో. వాళ్ళ జీను ఎక్కడ నొక్కుతోందో కూడా నువ్వే చూసుకో."

మేస్త్రీ ఆ పొడి మచ్చ వైపు చూశాడు. తరవాత కిటికీ వైపు చూశాడు, లోపల మంచం ఉన్న వైపు. సరే కిందవాలే కానీ అని గొణిగి, చెప్పులు దులుపుకుని వెళ్ళిపోయాడు.

మాట నిలబెట్టుకుంటాడని అక్క అనుకోలేదు. తడిగుడ్డ తెచ్చి ఆ మచ్చ చుట్టూ తుడుస్తూ, సోమవారం ఇంకా ఎంత దూరం ఉందో లెక్కపెట్టకుండా ఉండటానికి ప్రయత్నించింది.