ఒకరి విడిది ఒకరు

చిన్న విమానం గడ్డిలో ఆగేసరికి మూడు విడిదులూ మాకోసం వచ్చి నిలబడి ఉన్నాయి.

కొండమీది రాతి బంగళా ముందుకాళ్ళు మడిచి కూర్చుంది. ఏటిగట్టు డేరా ఊపిరి తీస్తోంది; దాని గుడ్డ గోడలు లోపలికి పోయి మళ్ళీ ఉబ్బుతున్నాయి. చెట్టుమీది ఇల్లు చెట్టును వదిలేసి వచ్చింది కాబట్టి, తన పొడుగాటి గుంజల మీద ఇబ్బందిగా నిలబడి, ఒక గుంజతో ఇంకో గుంజను గోక్కుంటోంది.

"ఫోటోల్లో ఇంకా పెద్దగా కనిపించాయే," అంటుంది అక్కయ్య.

అక్కయ్య పేరు సువర్చల. కాకినాడలో ఒక ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయింది. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. నా బడి, నా కళ్ళజోడు ఫ్రేము, నా పెళ్ళిచీర, అన్నీ తనే ఎంచింది. ఆఫ్రికా వచ్చి అడవి జంతువుల్ని చూడాలన్నది మాత్రం ఎవరి కోరికో మా ఇద్దరికీ సరిగ్గా తెలీదు. తను నాకోసం వచ్చానంటుంది. నేను తనకోసం తీసుకొచ్చాననుకుంటున్నాను.

మాకు ఎదురొచ్చినావిడ పేరు నసేరియన్. మెడనిండా పూసల పట్టీలు, చేతిలో గొడుగు. ఆవిడ మాట్లాడేది ఏ భాషో తెలీదుగాని ప్రతి మాటా తేటగా అర్థమవుతుంది.

"పొద్దు కుంగేలోపు ఎంచుకోవాలి. ఆ తర్వాత ఇవి నిలబడవు. వాటి దారిన అవి వెళ్ళిపోతాయి."

"దానికేముంది, ఇప్పుడే చెప్పేస్తాను," అంటుంది అక్కయ్య.

"ఎవరిది వాళ్ళు చెప్పకూడదు. ఆవిడ ఎక్కడుండాలో మీరు చెప్పాలి. మీరెక్కడుండాలో ఆవిడ చెప్పాలి. నా చెవిలో మాత్రమే. ముందుగా ఇద్దరూ అనుకోకూడదు."

"అదేం రూలండీ?" అంటాను.

"ఎవరి సంగతి వాళ్ళకి తెలీదు కదా," అంటుంది నసేరియన్, దాంట్లో అడగడానికేముందన్నట్టు.

"మరి విడిది దొరక్కపోతే?"

"చూసేవాళ్ళకి గది కావాలి. కనిపించేవాళ్ళకి అక్కర్లేదు."

గొడుగు చివరతో చూపిస్తుంది. దూరంగా అడవిదున్నల మంద మేస్తోంది. మంద మధ్యలో ఒక పెద్దమనిషి, మెడలో బైనాక్యులర్స్ వేలాడుతుండగా, వంగి గడ్డి కొరుకుతున్నాడు. మా అలికిడికి తలెత్తుతాడు. చెవులు ఆడిస్తాడు. మళ్ళీ వంగుతాడు.

అక్కయ్య నా మణికట్టు పట్టుకుంటుంది. నాడి చూసే చోటే పట్టుకుంటుంది. అలవాటు.

ముందు చెట్టుమీది ఇంటి దగ్గరికి వెళ్తాం. నిచ్చెన పొడుగు చూసి అక్కయ్య, "నా మోకాళ్ళకి ఇది కుదిరే పని కాదమ్మా," అంటుంది. ఇల్లు ఆ మాట వింటుంది. కిటికీలు ఒకటొకటిగా మూసుకుంటుంది. గుంజలెత్తి పెద్ద పెద్ద అంగలేస్తూ తుమ్మచెట్ల వైపు వెళ్ళిపోతుంది. దాని బాల్కనీలో ఎవరో ఆరేసిన తువ్వాలు ఊగుతూ పోతుంది.

"మనసు కష్టపెట్టుకుంది," అంటుంది నసేరియన్. "ఇక రెండే."

రాతి బంగళాలో చల్లగా ఉంది. అడుగు వేస్తున్నకొద్దీ వరండా సాగుతుంది. వెనక్కి తిరిగి చూస్తే గుమ్మం అగ్గిపెట్టెంత ఉంది.

"క్షేమం అంటే అదేనండి," అంటుంది నసేరియన్. "గుమ్మం ఎంత దూరమైతే అంత."

గదిలో మంచం, తెల్లటి దోమతెర, ఒక కిటికీ. కిటికీలోంచి అడవి కనిపిస్తుందిగాని చాలా దూరంగా. సింహాలు చీమల్లా పాకుతున్నాయి. అక్కయ్య వేలి కణుపుతో గోడ మీద కొట్టి చూస్తుంది. "గట్టిగా ఉంది," అంటుంది. ఆ మాట గోడతో అనదు, నావైపు చూసి అంటుంది.

డేరాకి మూడువైపులే గోడలు. నాలుగోవైపు తెరిచి ఉంది, దూరంగా ఏరు కనిపిస్తోంది. పరుపు మీద పెద్ద గుంట పడి ఉంది. ఇప్పటిదాకా పడుకున్నదేదో లేచి వెళ్ళినట్టు, రెండు ముందుకాళ్ళు చాచిన ఆకారం, పక్కన తోక పడిన గీత. అక్కయ్య ఆ గుంటలో అరచెయ్యి పెడుతుంది.

"ఇంకా వెచ్చగా ఉందే."

జ్వరం చూడటానికి అంతసేపు అక్కర్లేదు. అయినా చెయ్యి తీయదు. పెదవులు కొద్దిగా తెరుచుకుంటాయి. ఇన్నేళ్ళలో నేను చూడని మొహం అది. ఎవరో పిలిస్తే పరిగెత్తడానికి సిద్ధంగా ఉన్న పిల్ల మొహం. అంతలోనే చెయ్యి లాక్కుని చీరకి తుడుచుకుంటుంది.

"ఛీ, గోడ లేకుండా ఇదేం కాపురం," అంటుంది. కాని తన ఒక పాదం ఏటివైపు తిరిగే ఉంది.

బయటికొచ్చేసరికి సూర్యుడు ఒక జిరాఫీ వీపు మీద ఆనుకుని ఉన్నాడు. జిరాఫీ నడుస్తోంది. నడిచినప్పుడల్లా కిందికి జారుతున్నాడు.

అక్కయ్య ముందు వెళ్తుంది. నసేరియన్ చెవిలో ఒక్క మాట చెప్పి, చీర సర్దుకుంటూ తిరిగొస్తుంది. నాకు మందు మింగించి నీళ్ళు కూడా తాగించాక ఉండే మొహం అది. ఏం చెప్పి ఉంటుందో నాకు తెలుసు. గట్టి గోడలు.

ఇప్పుడు నేనూ అదే మాట చెబితే ఇద్దరం ఒకచోట ఉంటాం. ఆ మాట నా నాలుక మీద తయారుగా ఉంది. నసేరియన్ వంగుతుంది. ఆవిడ చెవి దగ్గర ఎండిన గడ్డి వాసన. వెనక బంగళా వెనక్కాళ్ళ మీద లేస్తోంది. రాళ్ళు ఒరుసుకుంటున్న చప్పుడు. డేరా ఊపిరి వేగం పెరిగింది. జిరాఫీ పరుగందుకుంది.

గుంటలో ఆగిపోయిన ఆ అరచెయ్యి గుర్తొస్తుంది.

"డేరా," అంటాను.

"ఖాయమేనా? మళ్ళీ మార్చుకోవడం ఉండదు."

"ఖాయమే."

బంగళా వరండా నాలుకలా చాచుకుని నా పాదాల కిందికి వస్తుంది. అవతల డేరా వంగి అక్కయ్యను కప్పుకుంటుంది.

"ఏమే! ఏం చెప్పావే? వకుళా!"

బదులు చెప్పేలోగా బంగళా కొండెక్కడం మొదలుపెట్టింది. నేను గోడ పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్తాను. ఏటివైపు డేరా పోతోంది. లోపల గుంజ పట్టుకుని నిలబడిన అక్కయ్య బియ్యపుగింజంత ఉంది. అరవడం మానేసింది. భయంతో మానేసిందో, ఇంకెందుకో. ఇక్కణ్ణుంచి మొహం కనిపించదు. నేను చేసింది మంచో చెడో ఈ కిటికీలోంచి ఎప్పటికీ తెలీదు.

వరండాలో గొడుగు మడుస్తూ నసేరియన్ ఉంది.

"మీకు చోటు దొరికింది. దిగితే అది ఉండదు."

"మా అక్కయ్య మొహం చూడాలండి."

"అయితే చూసేదాకా మీరు మీరుగా ఉండేలా చూసుకోండి."

గుమ్మం వైపు పరిగెడుతుంటే గుమ్మం దూరమవుతోంది. అందుకని దానికి వీపు పెట్టి, గదిలోకి వెళ్తున్నదానిలా చీర కుచ్చిళ్ళు పట్టుకుని వెనక్కి నడుస్తాను. వరండా మోసపోతుంది. పాదం కింద గడ్డి తగులుతుంది.

పరిగెడతాను. సగం దూరం వచ్చేసరికి నా చెవులు వాటంతటవే తిరుగుతున్నాయి, ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. గాలిలో నీళ్ళ వాసన ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో తెలుస్తోంది. అడవిదున్నలు తలలెత్తి, కొంచెం జరిగి, వాటి మధ్య నాకు చోటిస్తాయి. బైనాక్యులర్స్ పెద్దమనిషి కూడా జరుగుతాడు. అక్కడ ఆగిపోతే హాయిగా ఉంటుందనిపిస్తుంది. ఆ హాయినుంచే తప్పించుకోవాలని ఇంకా జోరుగా పరిగెడతాను.

పేరు పోకుండా పైకే అనుకుంటాను. వకుళ, వకుళ. మళ్ళీ అనబోతే ముక్కులోంచి బుస వస్తుంది. పేరు రావడం లేదు. భయంతో నోటికొచ్చింది అరుస్తాను.

"అక్కయ్యా!"

ఆ మాట చెక్కుచెదరకుండా వచ్చింది. అదే అరుస్తూ ఏట్లో దిగుతాను.

డేరా నడి ఏట్లో నిలబడి ఉంది. గోడ లేని వైపు అక్కయ్య మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఆ మోకాళ్ళ మీదే.

"ఎందుకొచ్చావే? గట్టిగా ఉన్న చోటు చూసి పెట్టాను కదా నీకు!"

"అక్కణ్ణుంచి నువ్వు కనబడలేదు."

"నన్ను ఈ గోడ లేని కొంపలో ఎందుకు పడేశావు మరి?"

"నువ్వు చెయ్యి తియ్యలేదు అక్కయ్యా. ఆ గుంటలోంచి."

అక్కయ్య తన అరచెయ్యి తిప్పి చూసుకుంటుంది. జిరాఫీ కాళ్ళ మధ్య నారింజ తొక్కంత వెలుగు మిగిలింది.

"ఇష్టం లేదా?" అరుస్తాను. "చెప్పు. ఇష్టం లేకపోతే ఇద్దరం దున్నల్లోకే పోదాం."

"భయంగా ఉందే," అంటుంది. నీళ్ళు రెండుసార్లు డేరా అంచుకి కొట్టి వెళ్తాయి. "ఇష్టమే. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఇష్టమే."

చెయ్యి చాస్తుంది. పట్టుకుంటాను. రోగుల్ని మంచం మీదికి జరిపిన చేతులవి. ఒక్క ఊపుకి లోపల పడతాను. వెలుగు పోతుంది.

ఎడమ పాదం మాత్రం లోపలికి రావడం ఆలస్యమైంది. దానికి గిట్ట ఉంది. అక్కయ్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని, పైటకొంగుతో తుడిచి, మెల్లగా కింద పెడుతుంది. ఇప్పుడు తన మొహం దగ్గరగా చూస్తున్నాను. ఏడుస్తోంది. నవ్వుతోంది కూడా.

"చలిగా ఉంది," అంటాను.

దుప్పట్లు లేవు. అక్కయ్య అటూ ఇటూ చూసి, ఏటి అంచు రెండు చేతులా పట్టుకుని, బరువుగా లోపలికి లాగి, నా భుజాలదాకా కప్పుతుంది. తనూ పక్కన దూరుతుంది. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి. వాటిలో నీటిగుర్రాలు అడుగున నడుస్తూనే ఉన్నాయి, మా పొట్టల మీదుగా, తొందర లేకుండా. దారి ఇవ్వడానికి కాళ్ళు ముడుచుకుంటాం.

ఒకటి నా ఛాతీ మీద ఆగుతుంది. మెల్లగా నోరు తెరుస్తుంది. లోపల మెట్లున్నాయి, మెట్ల మీద దీపాలు. పెట్టెలు మోసుకుంటూ జనం మాట్లాడకుండా దిగుతున్నారు. అందరికంటే వెనకున్నావిడ ఆగి, పై దవడ మూసుకోకుండా భుజంతో ఎత్తిపట్టుకుని, మేమిద్దరం కూడా దిగుతామని ఎదురుచూస్తోంది.