ఏ గ్రూపు కొండలరావు కూతురు

కొండలరావుకి మరిగే ఇనుమంటే భయం లేదు గానీ సూదంటే ప్రాణం మీదికొచ్చేది. షిఫ్టంతా బ్లాస్ట్ ఫర్నేసు ముందు నిలబడి వచ్చే మనిషి, డాక్టరు ఇంజెక్షను మాటెత్తితే చాలు, జ్వరం తగ్గిపోయిందని లేచి కూర్చునేవాడు. అలాంటి మనిషికి తన రక్తం గురించి గొప్పలు మాత్రం తక్కువ లేవు. తనది 'ఏ' గ్రూపట. అక్షరాల్లో మొదటిదట, ఫస్టు క్లాసట. హెల్మెట్టు మీద తెల్ల పెయింటుతో ఆ అక్షరం రాయించుకుని, డ్యూటీ అయ్యాక కూడా ఉక్కు ప్లాంటు కార్మికులుండే క్యాంప్ 1 సందుల్లో అది పెట్టుకునే తిరిగేవాడు.

ఎనభై మూడులో ఆ అక్షరమే అతని కూతురు కనకమహాలక్ష్మికి కంటి మీద కునుకు లేకుండా చేసింది.

ఆ పిల్ల అప్పుడు సుపేలా బజారులో ఒక చిన్న ల్యాబులో పని నేర్చుకుంటోంది. నేర్పేది గురుమూర్తిగారని పెద్ద టెక్నీషియను. గ్రూపు చూడటం పెద్ద విద్యేమీ కాదు. గాజు పలక మీద రెండు రక్తపు చుక్కలు వేసి, ఒకదాన్లో నీలం మందు, ఇంకోదాన్లో పసుపు మందు కలిపి, పలకని మెల్లగా అటూ ఇటూ ఆడించాలి. నీలం వైపు రక్తం విరిగిన పాలలా పలుకులు కడితే ఏ, పసుపు వైపు కడితే బి, రెండు వైపులా కడితే ఏబీ, ఎక్కడా కట్టకపోతే ఓ. కనకం ముందు తన వేలే పొడుచుకుంది. పసుపు వైపు కట్టింది. అన్నం క్యారేజీ తెచ్చిన తల్లి గున్నమ్మ వేలు కూడా పొడిచింది. ఎక్కడా కట్టలేదు. గున్నమ్మ వేలు నోట్లో పెట్టుకుని, ఇంత చుక్కలో ఏటి కనిపిస్తాదో మీకు అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

మర్నాడు గురుమూర్తిగారు మరో పాఠం చెప్పారు. బిడ్డకి గ్రూపు తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తుంది. ఓ తల్లి దగ్గర ఇవ్వడానికి ఏ లేదు, బి లేదు. కాబట్టి ఆవిడ బిడ్డది బి అయితే, ఆ బి తండ్రి ఇచ్చిందే అయ్యుండాలి.

"తండ్రిది ఏ అయితేనండీ?" అని అడిగింది కనకం.

"అయితే ఆయన తండ్రి కాదమ్మా," అన్నాడాయన, మందు సీసాలు ఫ్రిజ్‌లో సర్దుకుంటూ. ఎవరి సంగతో పాపం ఆయనకేం తెలుసు?

 కనకం మళ్ళీ వేలు పొడుచుకుంది, మళ్ళీ పసుపే. ఇంకో సీసా తీసి చూసింది, అదీ పసుపే. ఇక చూడండి ఆ పిల్ల అవస్థ! ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగేది. అద్దం ముందుకెళ్ళి తన ముక్కు చూసుకునేది, వచ్చి తండ్రి ముక్కు చూసేది. తల్లి ఏటైందే అంటే "కుచ్ నహీ", ఏమీ లేదని హిందీలో విసుక్కునేది. తల్లి పక్కింటి మగవాళ్ళతో రెండు మాటలు మాట్లాడితే చాలు, చెవులు అటే ఉండేవి. ఛీ, ఇదేం బుద్ధి అని తనని తనే తిట్టుకునేది. తిట్టుకుని మళ్ళీ చూసేది.

చూసి చూసి ఆ చూపు జోగయ్య మీద ఆగింది. జోగయ్యదీ తండ్రిదీ పాలకొండ దగ్గర ఒకే ఊరు. ఉక్కు ప్లాంటు కడుతున్న రోజుల్లో ఇద్దరూ కలిసి ఈ హిందీ ఊరికి వచ్చారు. కొండలరావుకి పెళ్ళయ్యాక కూడా జోగయ్య చాన్నాళ్ళు వీళ్ళ గదిలోనే ఉండి, గున్నమ్మ చేతి అన్నమే తిన్నాడు. ఇప్పుడు నందిని గనుల్లో పని చేస్తూ అక్కడి కాలనీలో ఒంటరిగా ఉంటున్నాడు. ఎప్పుడొచ్చినా కనకానికి జిలేబీ తెస్తాడు, నా కూతురు అంటాడు. పెళ్ళెందుకు చేసుకోలేదు? ఇన్నేళ్ళూ లేని ప్రశ్న ఇప్పుడు పుట్టుకొచ్చింది. తిన్న జిలేబీలన్నీ చేదెక్కాయి.

తల్లిని అడగాలి. కానీ ఆ మాట ఏ నోటితో అడుగుతుంది? అందుకని సెలవు రోజు చూసుకుని, గురుమూర్తిగారి దగ్గర ప్రాక్టీసుకని రెండు సీసాలు అడిగి, థర్మాస్‌లో ఐసు వేసి వాటిని పెట్టుకుని నందిని బస్సెక్కింది.

జోగయ్య పొంగిపోయాడు. పిల్ల డాక్టరమ్మ అయిపోయిందని ఇరుగుపొరుగుని పిలిచి చెప్పి, వేలు చాపాడు. కనకం చుక్కలు వేసి పలక ఆడించింది. పసుపు వైపు ఏమీ లేదు. నీలం వైపు పలుకులు కట్టాయి. ఏ.

జోగయ్య కాదు! ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే మళ్ళీ జారిపోయింది. ఈయన కాకపోతే మరెవరు?

"ఏ గ్రూపే గదా?" అన్నాడు జోగయ్య. "నాకు తెల్దేటి. అప్పట్లోనే రెండుసార్లు సెప్పీసినారు."

"రెండుసార్లేంటి చిన్నాన్నా?"

"నా పేరుకోసారి, మీ నాన్న పేరుకోసారి. రెండుసార్లూ పొడిసిన ఏలు నాదే గదేటి."

అప్పుడు విషయం బయటపడింది. ఆ రోజుల్లో క్యాంపులో నీళ్ళకి లైను, కిరసనాయిలుకి లైను, రేషనుకి లైను. డ్యూటీలో ఉన్నవాడికి బదులు ఊరివాడు లైన్లో నిలబడి, పేరు పిలిస్తే పలికేవాడు. అందులో తప్పేమీ ఎవరికీ తోచలేదు. రక్తం పరీక్ష చేసేవాళ్ళు వచ్చినప్పుడు కొండలరావు సూది చూసి, బిందె పట్టుకుని కుళాయి లైనులోకి పోయాడు. సూది లైనులో ఇద్దరి తరఫునా జోగయ్యే నిలబడ్డాడు.

కనకం నవ్వింది, ఏడ్చింది. ఏమైందో తెలియక జోగయ్య మంచినీళ్ళు తెచ్చాడు. తాగకుండానే పరుగెత్తి బస్సెక్కింది.

ఇంటికొచ్చేసరికి కొండలరావు డ్యూటీ నుంచి వచ్చి టీ తాగుతున్నాడు. వేలు చూపించమంటే పెరటి వైపు లేచాడు. కనకం తలుపుకి అడ్డం నిలబడింది. ఆ అక్షరం నమ్మి ఎవరైనా నీకు ఏ గ్రూపు రక్తం ఎక్కించి ఉంటే ప్రాణాలు పోయేవి నాన్నా అంది. కొండలరావు మొహం పాలిపోయి, పెళ్ళాం భుజం గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకుని వేలు చాపాడు. పసుపు వైపు పలుకులు కట్టాయి. బి!

కనకం తండ్రిని కావలించుకుంది. ఇన్నాళ్ళు బిగబట్టిందంతా ఒక్కసారి నోట్లోంచి వచ్చేసింది. అమ్మది ఓ, నాది బి, నీది ఏ అయితే నేను నీ కూతుర్ని కాకుండా పోయేదాన్ని, పొద్దున్న చిన్నాన్న వేలు కూడా చూశాను, ఆయన చెప్పాడు గనక సరిపోయింది అంటూ గడగడా చెప్పేసింది. కొండలరావుకి సగమే అర్థమైంది. నా మూతే నీకుంటే దానికి సూదెందుకే అని నవ్వి, తనది ఏ కాదు బి అని చెప్పుకోవడానికి పక్కింటికి వెళ్ళాడు.

గున్నమ్మ నవ్వలేదు. టీ గ్లాసు తీసి పక్కన పెట్టింది.

"నాన్న రకతం మీద అనుమానమైతే నాన్న ఏలు పొడవాల గదే. ముందు జోగయ్య కాడికెందుకెల్నావు?"

కనకం సీసాలు థర్మాస్‌లో సర్దబోయింది. గున్నమ్మ కూతురి మొహంలోకి చూసింది. జవాబు అక్కడే దొరికినట్టుంది.

"ఇన్నాల్లూ నన్ను ఆ కల్లతోనే సూసినావేటే?"

లేదమ్మా అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. ఆ అబద్ధం కనకానికి చేతకాలేదు.