మతురిన్ దారిపాట

మతురిన్‌కి పక్షవాతం వచ్చింది అక్టోబరులో, ఆపిల్ పళ్ళు ఏరే రోజుల్లో. తోటలో నిచ్చెన పక్కన వెల్లకిలా పడి ఉండగా కూతురు అర్మెల్ చూసింది. ప్రాణం దక్కింది గానీ కుడి చెయ్యీ కుడి కాలూ పోయాయి. వాటితో పాటే ఫ్రెంచి కూడా పోయింది.

ఆస్పత్రిలో మళ్ళీ నోరు విప్పినప్పుడు నర్సులు అది మతిచెదిరిన కూత అనుకున్నారు. కాదు, బ్రెటన్ మాట్లాడుతున్నాడు, ఇక్కడి పాత పల్లె భాష, మా నాన్నకి పుట్టుకతో వచ్చిన భాష అదే అని అర్మెల్ చెప్పింది. మరి ఏమంటున్నాడని వాళ్ళు అడిగారు. తనకి రాదని ఆమె ఒప్పుకోవాల్సి వచ్చింది.

అర్మెల్ మా మేళానికి పెద్ద. నేను అందులో బొంబార్డ్ ఊదుతాను. పొట్టిగా ఉంటుంది గానీ చెవులు చిల్లులు పడేటట్టు మోగే సన్నాయి అది. బొంబార్డులు, తోలుతిత్తితో ఊదే బ్యాగ్‌పైపులు, డప్పులు అన్నీ కలిపి నలభై మందిమి. కెర్‌గ్లాజ్ మేళం అంటే చుట్టుపక్కల అందరికీ తెలుసు. దాన్ని పెట్టింది మతురినే. వయసులో ఉండగా ఇద్దరు స్నేహితుల్ని వెంటేసుకుని గడ్డి కొట్టంలో మొదలుపెట్టాడు. ఊపిరి చాలక తిత్తి పక్కన పెట్టేశాక కూతురు పగ్గాలు పట్టుకుంది.

మేళం పేరు బ్రెటన్‌లో ఉంటుంది. డప్పుల మీద, చొక్కా జేబుల మీద, జెండా మీద అన్నీ బ్రెటన్ మాటలే. పాట ఎత్తుకునే ముందు ఒకటి, రెండు, మూడు అని బ్రెటన్‌లోనే లెక్కపెడతాం. గ్లాసులు తాకించేటప్పుడు అనే మాట కూడా వచ్చు. అంతకు మించి మాలో ఎవరికీ ముక్క రాదు, లెనాయిగ్ అనే పంతొమ్మిదేళ్ళ పిల్లకి తప్ప. ఆ పిల్ల బ్రెటన్ బడిలో చదువుకుంది.

మతురిన్ కూతురికి తన భాష నేర్పకపోవడానికి కారణం ఉంది. అతను బడిలో చేరేనాటికి ఫ్రెంచి అసలు రాదు. బ్రెటన్ మాట్లాడుతూ దొరికిన పిల్లాడి మెడలో పంతులు ఓ పాత చెక్కచెప్పు వేలాడదీసేవాడు. మరొకడు దొరికితే గానీ అది దిగదు. అందుకని పిల్లలే పిల్లల్ని పట్టించేవాళ్ళు. అర్మెల్ పుట్టగానే అతను భార్యకి ఖరాఖండిగా చెప్పేశాడు, దీని ముందు ఫ్రెంచి తప్ప మరో మాట వినపడకూడదని. మొగుడూ పెళ్ళాం వంటింట్లో బ్రెటన్‌లోనే కబుర్లు చెప్పుకునేవాళ్ళు. పిల్ల గడపలోకి రాగానే మాట మారిపోయేది. చిన్నప్పుడు తనకి బ్రెటన్ అంటే తలుపు తియ్యగానే ఆగిపోయే చప్పుడు అని అర్మెల్ ఓసారి నాతో అంది.

తిత్తి ఊదడం మాత్రం ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేర్పాడు. వేలు ఏమాత్రం తడబడినా ఊరుకునేవాడు కాదు.

చలికాలం మొదలయ్యేసరికి అతన్ని పట్నంలో వృద్ధుల గృహానికి మార్చారు. అర్మెల్ రోజూ వెళ్ళేది. ఆమె కనపడగానే అతను ఒకటే మాట అందుకునేవాడు. ఎత్తుకుని, దించి, సాగదీసి, మళ్ళీ మొదటికి వచ్చేవాడు. ఎడమ చేతి వేళ్ళు దుప్పటి మీద ఆడుతుండేవి. మంచినీళ్ళిస్తే తాగేవాడు, మళ్ళీ అదే. నర్సులు మంచివాళ్ళే. పక్షవాతం వచ్చినవాళ్ళు ఇలా ఒకే మాట పట్టుకుని ఉండటం మామూలేనని ధైర్యం చెప్పారు.

అర్మెల్ లెనాయిగ్‌ని వెంటబెట్టుకుని వెళ్ళింది. ఆ పిల్ల మంచం పక్కన కూర్చుని బడి బ్రెటన్‌లో నెమ్మదిగా పలకరించింది. మతురిన్ ఆమెను ఎగాదిగా చూశాడు. టీవీలో వార్తలు చదివే మనిషి ఇంట్లోకి వచ్చి కూర్చుంటే చూసినట్టు చూశాడు. తర్వాత మళ్ళీ అదే ఎత్తుకున్నాడు. లెనాయిగ్ చెవి ఒగ్గి విని, సగం మింగేస్తున్నాడనీ ఇక్కడి యాస తనకి సరిగ్గా తెలియదనీ అంది. దారి అన్న మాట మాత్రం వినిపిస్తోందంది. నా దారి అంటున్నాడు, ఏదో తిరగడం గురించి అంటున్నాడు, పాత పాటేమో అంది.

అర్మెల్ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తండ్రికి తెలిసిన బాణీలన్నీ తన దగ్గరున్నాయనే ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది. ఇది మిగిలిపోయిందన్నమాట. జీవితమంతా దాచుకున్న భాషలో, చివరికి తనకే ఇస్తున్నాడన్నమాట. ఫోన్ తీసి అతని నోటి దగ్గర పెట్టి రికార్డు చేసింది. మరెవర్నీ అడగాలని ఆమెకి తోచలేదు. అడగడానికి మనుషులు కూడా తక్కువే. అతని ఈడువాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. అతను పుట్టిన పల్లెలో ఫిలొమెన్ అనే ముసలమ్మ ఒకతె ఉంది గానీ, పాత మాటలూ పాటలూ ఎక్కించుకుందామని రికార్డర్లు పట్టుకొచ్చిన వాళ్ళని గుమ్మం దగ్గర్నుంచే పంపేస్తుందని పేరు. పేడ చేతులవాళ్ళ మాటలతో మీకేం పనని తిడుతుందట.

ఆ చలికాలమంతా మేము ఆ పాట మీదే పనిచేశాం. మేళాలని తరగతులుగా విడదీసి ఏటా రెండు పోటీలు పెడతారు, వసంతంలో జరిగే మొదటిదాంట్లో ఈసారి గెలిస్తే పై తరగతికి దారి సుగమమవుతుంది. ఎన్నో ఏళ్ళుగా అందినట్టే అంది జారిపోతున్న తరగతి అది. అర్మెల్ ఆ ఎత్తుకోవడాన్నీ దించడాన్నీ స్వరాలుగా రాసింది. ముందు చీకట్లో మతురిన్ గొంతు ఒక్కటే వినిపించాలి. దాని కిందనించి తిత్తుల శ్రుతి మెల్లగా లేవాలి. తర్వాత ఒక్క బొంబార్డ్ ఆ మాటని అందుకోవాలి. ఆ ఒక్క బొంబార్డ్ నాది. మతురిన్ ఊపిరి పీల్చే చోట నేనూ ఊపిరి పీల్చేలా సాధన చేశాను. దానికి మతురిన్ దారిపాట అని పేరు పెట్టాం.

పోటీలో మొదటి స్థానం మాకే వచ్చింది. మతురిన్ గొంతు మొదలవగానే హాలంతా బిగుసుకుపోయింది. అయిపోయాక జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఒక న్యాయనిర్ణేత అర్మెల్ రెండు చేతులూ పట్టుకుని, ఇది మట్టిలోంచి వచ్చిన సంగీతం అన్నాడు. ప్రాంతీయ రేడియోవాళ్ళు ఆ మధ్యాహ్నమే మొత్తం ప్రసారం చేశారు.

తర్వాతి సాధన రోజున ఉత్తరాలు పంచే అమ్మాయి బండి మా హాలు ముందు ఆగింది. అందులోంచి ఫిలొమెన్ దిగింది. నల్ల కోటు, మగవాళ్ళు వేసుకునే రబ్బరు బూట్లు. లోపలికొచ్చి మా అందర్నీ ఒకసారి చూసి ఫ్రెంచిలో అడిగింది.

"మతురిన్‌ని రేడియోలో పెట్టిందెవరు?"

అర్మెల్ నవ్వుతూ ఎదురెళ్ళింది. "నేనే మామ్మా. ఆయన కూతుర్ని. పాట నచ్చిందా మీకు?"

"పాటేంటి?"

"ఆ దారిపాట. నాన్న పాడింది."

ముసలమ్మ ఆమెకి ఇంకా దగ్గరగా వచ్చింది. "వాడు పాడట్లేదమ్మా. వీపు నొప్పి అంటున్నాడు. నా వీపు నొప్పి, నన్ను పక్కకి తిప్పండి అంటున్నాడు. అంతమందీ చప్పట్లు ఎందుకు కొట్టారో నాకు అర్థం కాలేదు."

ఎవరి తిత్తిలోంచో మిగిలిన గాలి సన్నగా మూలుగుతూ బయటికి పోయింది. లెనాయిగ్ ముందుకొచ్చి, దారి అని వినపడింది కదా అని గొణిగింది. ఫిలొమెన్ రెండు మాటలూ పలికి చూపించింది, వీపు ఒకసారి, దారి ఒకసారి. మాకైతే తేడా తెలియలేదు.

"మా బడిలో వీపుని అలా అనరు," అంది లెనాయిగ్. ఏడుపు ఆపుకుంటోంది.

"మీ బడిలో ఏమంటారో నాకేం తెలుసు తల్లీ," అంది ముసలమ్మ. ఆ మాటలో కోపం లేదు.

అర్మెల్ కోటు కూడా తీసుకోకుండా బయటికి నడిచింది. నేను కారు తీశాను. ఫిలొమెన్ పిలవకుండానే వెనక సీట్లో ఎక్కి కూర్చుంది.

వృద్ధుల గృహంలో ఫిలొమెన్ మంచం దగ్గరికి వెళ్ళి బ్రెటన్‌లో ఏదో అంది. మతురిన్ తల తిప్పాడు. కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచి, ఉండబట్టలేనట్టు మాట్లాడటం మొదలుపెట్టాడు. ముక్కలు ముక్కలుగానైనా ఆపకుండా మాట్లాడాడు. అర్మెల్ మంచం చివర ఇనుప కడ్డీ పట్టుకుని నిలబడింది. నాన్న ఏమంటున్నాడని అడిగింది. ఫిలొమెన్ చెప్పడానికి ఇష్టపడలేదు. ఆమె మళ్ళీ అడిగింది.

"చలికాలం నుంచీ చెప్తున్నాట్ట. వస్తున్నారట, నోటి దగ్గర ఏదో పెడుతున్నారట, చెయ్యి నిమిరి వెళ్ళిపోతున్నారట."

మర్నాడు ఎక్స్‌రే తీస్తే వెన్నుపూస చిట్లి ఉంది. నిచ్చెన మీంచి పడ్డప్పుడే అయిన దెబ్బ. పక్షవాతం హడావిడిలో ఎవరూ చూసుకోలేదు. దాని మీదే నెలల తరబడి వెల్లకిలా పడుకోబెట్టారు. డాక్టరు మందు మార్చి, మెత్తటి పరుపు వేయించి, పక్కకి ఒత్తిగిలి పడుకోబెట్టమన్నాడు. నొప్పి తగ్గుతున్న కొద్దీ మతురిన్ ఆ మాట అనడం మానేశాడు. మేము ఊపిరి ఊపిరీ నేర్చుకున్న ఆ ఎత్తుకోవడం, ఆ సాగదియ్యడం మరి వినపడలేదు.

వేసవిలో లోరియాఁలో జరిగే రెండో పోటీ గురించి మేళంలో గొడవ జరిగింది. అర్మెల్ ఆ గొంతు ఇంక ఎక్కడా వినపడటానికి వీల్లేదంది. లెక్కలవీ చూసే మా మేళం సంఘం అధ్యక్షుడు మెత్తగా నచ్చజెప్పబోయాడు. వసంతంలో గెలిపించింది ఆ గొంతేనన్నాడు, వేసవిలోనూ దాని కోసమే ఎదురుచూస్తారన్నాడు. ఇందులో అవమానమేముంది, అదీ మన భాషేగా అన్నాడు. వెనకనించి డప్పులవాళ్ళలో ఒకడు, అయినా అర్థం తెలిసినవాళ్ళు ఎంతమందని, ఒక్క ముసలమ్మేగా అన్నాడు.

"విన్నది కూడా ఆ ఒక్కతే," అంది అర్మెల్. మా చేతుల్లోంచి స్వరాలు రాసిన కాగితాలు తీసుకుని వెళ్ళిపోయింది. కొత్తది కట్టుకోవడానికి వ్యవధి తక్కువ. పాత బాణీలే అతికించుకున్నాం.

వసంతం మిగతా రోజులన్నీ ఆమె ఫిలొమెన్‌ని కారులో ఎక్కించుకుని తండ్రి దగ్గరికి తీసుకెళ్ళేది. దారిలో మాటలు నేర్చుకునేది. నీళ్ళు, చలి, ఆకలి, నొప్పి ఎక్కడ, ఇటు తిప్పనా, అటు తిప్పనా. యాభై దాటాక నాలుక తిరగడం కష్టం. ఆమె తప్పు పలికినప్పుడల్లా మతురిన్ ఎడమ చేతి వేలితో దుప్పటి మీద టకటకా కొట్టేవాడు. చిన్నప్పుడు తిత్తి మీద వేలు తడబడితే కొట్టినట్టే. మళ్ళీ అను అని దానర్థం. మళ్ళీ అనేది. ఒకటి రెండుసార్లు అతని మూతి పక్కకి వంకర తిరిగింది. అది నవ్వేనని ఫిలొమెన్ తేల్చింది.

ఒకరోజు అర్మెల్ ధైర్యం చేసి అడిగించింది, నాకెందుకు నేర్పలేదు నాన్నా అని. మతురిన్ కిటికీ వైపు తల తిప్పాడు. తర్వాత రెండు ముక్కలు అన్నాడు.

"తిత్తి ఇచ్చాను కదా, అది చాలనుకున్నాను అంటున్నాడు," అంది ఫిలొమెన్.

జూన్‌లో అతనికి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆ రోజు ఫిలొమెన్‌కి జ్వరం. అర్మెల్ ఒక్కతే వెళ్ళింది. నొప్పి ఉందా అని అడిగితే లేదన్నాడు. అంతవరకూ ఆమెకి అర్థమైంది. తర్వాత ఆమెనే చూస్తూ చిన్న మాట ఒకటి అన్నాడు. ఆమె తెల్లమొహం వేసింది. అతను ఇంకోసారి అన్నాడు, ఇంకా చిన్నగా. ఫోన్ ఆమె సంచిలోనే ఉంది. దాన్ని మళ్ళీ ఆ నోటి దగ్గర పెట్టనని ఒట్టు పెట్టుకుంది, తియ్యలేదు. ఆ మాటనే పైకి అనుకుంటూ, మర్చిపోకుండా మళ్ళీ మళ్ళీ అనుకుంటూ కారు నడుపుకుంటూ ఫిలొమెన్ ఇంటికి వెళ్ళింది. జ్వరంతో పడుకున్న ముసలమ్మకి వినిపించింది.

ఫిలొమెన్ మళ్ళీ అనమంది. ఇంకోలా అనమంది. అప్పటికే దారి పొడుగునా అనీ అనీ ఆ మాట అరిగిపోయింది.

"తలుపు అయుండాలి," అంది చివరికి. "లేకపోతే చెయ్యి. రెండూ ఇంచుమించు ఒకలాగే ఉంటాయి. తలుపు వెయ్యమన్నాడో, చెయ్యి ఇమ్మన్నాడో, నేనుంటే చెప్పేదాన్ని."

అర్మెల్ వెనక్కి తిరిగి వెళ్ళేసరికి గది తలుపు మూసి ఉంది. నర్సు బయట ఆమె కోసమే నిలబడి ఉంది.

ఖననం రోజున మేళమంతా వాయించాం. ఫాదరు ఫ్రెంచిలో ప్రార్థన చదివాడు. ఫిలొమెన్ మాత్రం శవపేటిక మీదికి వంగి, పక్కింటి మనిషితో గోడ మీంచి మాట్లాడినట్టు, మామూలు గొంతుతో చాలాసేపు మాట్లాడింది. మేము టోపీలు చేత్తో పట్టుకుని, అర్థం కాని ఆ మాటలు అయ్యేదాకా నిలబడ్డాం.

లోరియాఁలో మాకు చివరినుంచి రెండో స్థానం వచ్చింది. కింది తరగతికి పడిపోయేవాళ్ళమే, కొద్దిలో తప్పింది. ఆ శరత్తులో అర్మెల్ మేళం పెద్దరికం వదిలేసింది. తిత్తి కూడా ముట్టుకోవడం లేదని విన్నాను. గురువారాలు ఫిలొమెన్ ఇంటికి వెళ్తుంది. ఒకసారి నేనూ వెళ్ళాను, ముసలమ్మకి కట్టెలు దింపడానికి. నల్లగోధుమ పిండి అట్లు పోస్తూ ఫిలొమెన్ బ్రెటన్‌లో ధారగా మాట్లాడుతోంది. మధ్యలో ఆగి, అర్థమైందా అని ఫ్రెంచిలో అడిగింది.

"సగం," అంది అర్మెల్.

"ఏ సగం?"

అర్మెల్ తడుముకుంటూ చెప్పింది. ముసలమ్మ తల అడ్డంగా ఊపి, అట్టు తిరగేసి, మొదటినుంచి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది. ఈసారి కాస్త నెమ్మదిగా చెప్పింది.