కొమరయ్య పేరున్న స్టీలు డబ్బా

సోమవారం పొద్దున ధాత్రి తలుపు తీసేసరికి గుమ్మం ముందు మంచులో మూడు స్టీలు గిన్నెలు నిలబడి ఉన్నాయి. ముందురోజు పక్క ఊరు వాటర్లూలో తలా కొంత వండి తెచ్చుకునే పాట్‌లక్ విందుకి పులిహోర, గుత్తొంకాయ, పెరుగన్నం పట్టుకెళ్లిన గిన్నెలవి. "వచ్చేశాయి" అంటూ లోపలికి తెచ్చి సింకులో పెట్టింది. పేరు కొట్టించిన స్టీలు సామాను తన ఇంటికి తనే తిరిగొస్తుందని కెనడాలోని ఈ కిచెనర్ ఊళ్లో తెలుగువాళ్లందరికీ తెలుసు. అందుకే గిన్నె ఇమ్మని ఎవరూ ఎవరినీ అడగరు. ఒక్కటే షరతు, ఖాళీ చేసి కడిగి పెట్టాలి. లోపల మెతుకు ఉన్నా గిన్నె కదలదు. అరకప్పు పప్పు మిగిల్చుకున్న మహానుభావుల ఫ్రిజ్‌లో ధాత్రి గిన్నె ఒకటి నాలుగు నెలలు ఉండిపోయింది.

ఆవిడ ఆఫీసుకి వెళ్లగానే భర్త మహీధర్ బేస్‌మెంట్‌లోకి దిగి, ప్లాస్టిక్ బకెట్ మూత తీసి వాసన చూశాడు. గంట క్రితం కూడా చూశాడు. అప్పుడూ వెనిగర్ వాసనే, ఇప్పుడూ వెనిగర్ వాసనే.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అక్టోబర్లో పోయింది. అప్లై చేసినచోటల్లా మౌనమే. అలాంటప్పుడు ఊళ్లో ఉన్న చిన్న బ్రూవరీ ఒకటి అసిస్టెంట్ కావాలని ప్రకటన ఇచ్చింది. సర్టిఫికెట్లు అక్కర్లేదట, సొంతంగా కాచిన బీరు ఫిబ్రవరి ఇరవై ఒకటిన పట్టుకురమ్మన్నారు. మహీధర్‌కి బీరు కాయడం అయిదేళ్ల సరదా. ఆ సరదా ఉద్యోగమయ్యేలా కనబడగానే అతనికి కాళ్లూచేతులూ ఆడలేదు. రెండుసార్లు కాచాడు, రెండుసార్లూ పాడైంది.

"ప్లాస్టిక్ గీతల్లో బ్యాక్టీరియా దాక్కుంటుంది. బీరు పులియబెట్టడానికి స్టీలు ఫర్మెంటర్ కొనాలి" అన్నాడు ఆ సాయంత్రం.

"స్టీలుది కొంటే బాగుపడుతుందా, నువ్వు మూత తీయడం మానేస్తే బాగుపడుతుందా మహీ?" అంది ధాత్రి.

అతను వినిపించుకోలేదు. అడుగు గరాటులా ఉండి కాళ్లమీద నిలబడే రకం ధర చూసి లాప్‌టాప్ మూసేశాడు. చవక రకాల రివ్యూలు చదివితే ఒకదానికి మూత బిగవదు, ఇంకోదానికి అతుకుల దగ్గర తుప్పు. ఫ్రిజ్‌కి ఉన్న అయస్కాంతం జేబులో వేసుకుని షాపుకి వెళ్లి, వాళ్లమ్మ తెనాలిలో గిన్నెలు కొన్నట్టు ప్రతిదానికీ అంటించి చూశాడు. అంటుకోకపోతే మంచి స్టీలు. అంటుకోనివన్నీ ఖరీదైనవే. చివరికి సెకండ్‌హ్యాండ్ ప్రకటనల్లో ఒకటి దొరికింది. ఇరవై ఏడు లీటర్లు, వెడల్పు మూతి, కింద కుళాయి, ఇవ్వగలిగిన ధర. హామిల్టన్‌లో ఉంది.

అమ్మే మనిషి పేరు కొమరయ్య. కరీంనగర్ నుంచి దుబాయ్, అక్కణ్ణుంచి హామిల్టన్ వచ్చి, స్టీలు మిల్లులో వెల్డర్‌గా చేసి రిటైరయ్యాడు. ఒక్కడే ఉంటాడు.

"అయస్కాంతం తెచ్చినవా?" అని నవ్వాడు. "లోపల చెయ్యి పెట్టి చూడు బిడ్డా. అతుకు తగుల్తదా?"

తగల్లేదు.

"నేనే అతికిన. మా ఆమె ఉన్నప్పుడు కాసేటోణ్ణి. ఆమె పోయి రెండేండ్లాయె, ఇగ ఎవరికోసం?" అంటూ డబ్బా తిప్పాడు. బయట చుక్కలు చుక్కలుగా 'కొమరయ్య' అని ఉంది. "ఆగు, పేరు రుద్దేసి ఇస్త. లేకుంటే మల్ల నా దగ్గరికే వస్తది."

"వద్దంకుల్! గ్రైండర్ పెడితే లోపల గీతలు పడతాయేమో."

"పేరున్నది బయట కదా."

"ఎందుకొచ్చిన రిస్కు. నిండుగా ఉంటే కదలదుగా. ఖాళీ అవగానే మళ్లీ నింపేస్తాను."

కొమరయ్య అతన్ని ఎగాదిగా చూశాడు. "గింత భయంతోని ఎట్ల బతుకుతున్నవ్ బిడ్డా? కూసో, ఛాయ్ తాగిపో."

"టైము లేదంకుల్" అన్నాడు మహీధర్, డబ్బాని కారు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టి మరీ తీసుకెళ్లాడు.

జనవరి పద్దెనిమిదిన మూడోసారి కాచాడు. ఇంక నాలుగోసారికి వ్యవధి లేదు. మూతమీది గొట్టంలో బుడగలు టుప్పు టుప్పుమంటుంటే ఒక భయం, ఆగితే ఇంకో భయం. రోజుకి మూడుసార్లు మూత తీశాడు. ధాత్రి కసిరాక రెండుసార్లకి తగ్గించాడు. తొమ్మిదో రోజు పొద్దున దిగేసరికి డబ్బా లేదు.

పెరటి తలుపు తీసి ఉంది. మంచులో గుండ్రటి అచ్చులు వరసగా బస్‌స్టాపు దాకా వెళ్లాయి. మహీధర్‌కి ఏడుపొచ్చింది. కొమరయ్యకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ధాత్రికి చేశాడు.

"బీరుతో సహా పోయింది! నిండా ఉన్నది ఎలా వెళ్తుంది?"

"మహీ, నువ్వు వెంటనే బయల్దేరు" అంది ధాత్రి గాభరాగా. బీరు గురించి ఆవిడ కూడా కంగారుపడుతోందనుకున్నాడు.

హామిల్టన్ దాకా గంటసేపు అతనికి ఒకటే దిగులు. కుదుపులకి అడుగున పేరుకున్నదంతా పైకి లేచి ఉంటుంది. మూత ఊడి ఉంటుంది. ఇక ఈ జన్మకి ఉద్యోగం రాదు.

కొమరయ్య ఇంటి పక్క తలుపుకి ఆనుకుని డబ్బా నిలబడి ఉంది. మూత బిగువుగానే ఉంది. అమ్మయ్య అనుకుని ఎత్తబోయాడు. అప్పుడు చూశాడు, మెట్లమీద మంచు రెండురోజులుగా ఎవరూ తీయలేదు. ఒక్క అడుగు గుర్తు కూడా లేదు. డబ్బా తగిలి తలుపు రంగు ఒకచోట పెచ్చులూడి ఉంది.

"అంకుల్!"

తలుపుకి గడియ వేసి లేదు. లోపల బేస్‌మెంట్ మెట్ల కింద కొమరయ్య పడి ఉన్నాడు. తుంటి విరిగింది. పెదవులు నీలంగా ఉన్నాయి, కదులుతున్నాయి. మహీధర్ తన కోటు విప్పి కప్పి, ఫోన్ అందుకున్నాడు. అంబులెన్స్‌వాళ్లు వచ్చి, దారికి అడ్డంగా ఉన్న డబ్బాని మర్యాదగా పక్కకి జరిపి, కొమరయ్యని ఎత్తుకెళ్లారు. సాయంత్రం దాకా అయితే దక్కేవాడు కాదన్నారు.

మహీధర్ డబ్బాని వంటింటి మూలకి చేర్చాడు. చెయ్యి మూతమీదికి వెళ్లింది. అప్పుడే హాస్పిటల్ నుంచి ఫోన్, ఆపరేషన్ చేస్తున్నారు, అయినవాళ్లెవరైనా ఉన్నారా అని. "నేనున్నాను" అన్నాడు. ఆ మాట తన నోట ఎలా వచ్చిందో అతనికే తెలియదు.

తర్వాత మూడు వారాలు రోజూ హామిల్టన్ వెళ్లాడు. పళ్లు ఒలిచిపెట్టాడు, ఫారాలు నింపాడు. ఒకరోజు అడిగాడు, "నిండుగా ఉన్నది ఎలా వచ్చిందంకుల్?"

"ఎవర్ని పిలవాల్నో తెల్వలే" అన్నాడు కొమరయ్య. "నిద్రపోతే సచ్చిపోతనని, నా పేరు నేనే పిలుసుకుంట పన్న. ఎవరూ వినలేదనుకున్న."

మహీధర్ కిటికీవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

ఫిబ్రవరి ఇరవై ఒకటిన కొమరయ్య వంటింట్లోనే డబ్బా కుళాయి తిప్పి, ఒక ఫ్లాస్కు నింపుకుని బ్రూవరీకి వెళ్లాడు. సీసాల్లో పట్టడానికి, గ్యాస్ పట్టించడానికి వ్యవధే లేకపోయింది. హెడ్ బ్రూవర్ ఒక గుక్క తాగి, ఆగి, ఇంకో గుక్క తాగింది.

"గ్యాస్ లేదు. కానీ ఒక్క తప్పు రుచి లేదు. చాలా రోజులు మూత ముట్టుకోలేదు కదూ?"

"ముట్టుకునే తీరిక లేకపోయింది" అన్నాడు మహీధర్ నిజాయితీగా. మార్చి ఒకటో వారం నుంచి పనిలోకి రమ్మంది.

ఏప్రిల్లో కొమరయ్య చేతికర్రతో ఇంటికొచ్చాడు. రాగానే స్టీలుమీద పేర్లు కొట్టే మిల్లు రోజులనాటి కరెంటు పెన్ను వెతికి తీసి, తన పేరు కింద మహీధర్ పేరు కొట్టాడు. "లోపల గీతలు పడ్డయేమో చూస్కో" అని ఆటపట్టించాడు.

"రెండు పేర్లుంటే ఎవరింటికి వెళ్తుందంకుల్?"

"దానికెరుకే."

డబ్బా మళ్లీ కిచెనర్ చేరింది. మహీధర్ అందులో కొత్తగా కాచాడు. రోజూ పొద్దున్నే దిగి చూస్తాడు. మూత జోలికి వెళ్లడు. డబ్బా ఉందా లేదా అని మాత్రం చూసుకుని, ఉంటే కాఫీ తాగి పనికి వెళ్తాడు.

మే నెలలో ఒక శనివారం దిగేసరికి మూల ఖాళీగా ఉంది. కారు తాళాలు దొరక్క చొక్కా జేబులన్నీ తడుముకుంటుంటే ఫోన్ మోగింది.

"నీ డబ్బా వచ్చింది బిడ్డా."

"అంకుల్! పడ్డారా? కదలకండి, అంబులెన్స్‌కి నేను..."

"ఖాళీగనే వచ్చింది" అన్నాడు కొమరయ్య. "రాత్రి కడిగి పెట్టినవా ఏంది?"

మహీధర్‌కి గుర్తొచ్చింది. బీరంతా సీసాల్లో పట్టి, శుభ్రంగా కడిగి బోర్లించాడు. మెట్టుమీద కూలబడ్డాడు.

"నేను మంచిగనే ఉన్న. పచ్చిపులుసు జేసిన, ధాత్రిని తీస్కొని రా. ఈసారి గూడ టైము లేదనకు."

"ఉందంకుల్" అన్నాడు మహీధర్. "వస్తున్నాం."