ఏటి రోడ్డు

మెర్జిలస్ శవాన్ని రోడ్డు పక్క గోతిలో పెట్టి, మట్టి కప్పించి, అవే పారలతో మళ్ళీ రోడ్డు తవ్వమన్నారు. ప్రార్థన చేసుకోవడానికి కూడా వ్యవధి ఇవ్వలేదు.

సిలియన్ ఒళ్ళు మండిపోవాల్సింది. మండలేదు. మండడానికైనా ఓపిక ఉండాలి కదా. పందొమ్మిది రోజులుగా అతనూ, మెర్జిలసూ, ఇంకో నలభై మందీ ఆ కొండవాలున వెట్టి చేస్తున్నారు. చట్టంలో ఉన్నది మూడు రోజులు, అదీ సొంత ఊరి పొలిమేరలోనే. చట్టం కాగితం మీద ఉంది, తుపాకీ తెల్ల కెప్టెన్ చేతిలో ఉంది. సముద్రానికి అవతల ఒక దేశం కొత్తగా బలిసింది. ఇంట్లో చోటు చాలక వీళ్ళ హైతీకి నాగరికత నేర్పాలని దానికి బుద్ధి పుట్టింది. ఆ నాగరికత ఫిరంగులతో కొండెక్కాలంటే రోడ్డు కావాలి.

మెర్జిలస్ చావులో తన డోలుకీ వాటా ఉందని సిలియన్ కుమిలిపోతున్నాడు. ఊళ్ళో ఒకరి చేను తవ్వడానికి పదిమందీ కలిసినప్పుడు అతనే డోలు కొట్టి పాట ఎత్తుకునేవాడు. ఆ దరువు మీద పని పరుగెత్తేది. ఆ సంగతి కెప్టెన్ చెవిన పడింది. కొండ మలుపు దాకా రోడ్డు తెస్తే వదిలేస్తానన్నాడు. సిలియన్ నమ్మి, మూడు రోజులు చేతులు వాచేలా వాయించాడు. మలుపు వచ్చింది, విడుదల రాలేదు. జ్వరంతో ఉన్న మెర్జిలస్ ఆ దరువుకు ఆగలేక, పాడుతూ పాడుతూనే కూలిపోయాడు.

ఇప్పుడు జవాను ఎల్వెరిస్ మళ్ళీ వచ్చాడు. మనిషి వీళ్ళవాడే, ఒంటిమీద బట్టలు వాళ్ళవి.

"ముసలోడా, డోలు తియ్యి. శనివారానికి ఏటికాడికి చేరితే అందర్నీ వదిలేస్తానంటన్నాడు తెల్లదొర."

"పోయినసారీ ఇదేగా కూశాడు?"

"కొట్టు మావా," కిందటేడే పెళ్ళయిన దియోని బతిమాలాడు. "ఇంటికాడ జొన్నచేను పిట్టల పాలైపోతంది. మా ఆడది ఒక్కత్తే ఉంది. ఈసారి వదుల్తాడేమో."

"ఏరు దాటాక ఇంకో కొండ లేదంట్రా?"

"కొట్టకపోతే మాత్రం వదుల్తాడా? నీ పౌరుషానికి మేం చావాలా?"

 వాడన్నదీ నిజమే. సిలియన్ బరువుగా లేచి, డోలు తీసుకెళ్ళి కెప్టెన్ కాళ్ళ ముందు పెట్టాడు.

"ఎల్వెరిసూ, దొరకి చెప్పు. మా ఊళ్ళో డోలు మోగాలంటే చేను ఆసామి పొద్దున్నే పొయ్యి మీద కుండ పెట్టాలి. పనిచేసినోళ్ళకి కడుపునిండా పెట్టి, రేపు మా చేలోకి తనూ పార పట్టుకు రావాలి. ఈ రోడ్డుకి ఆసామి ఎవరు? కుండేది? మా చేలోకి ఎప్పుడొస్తాడు?"

ఎవరో నీరసంగా నవ్వారు. ఆ నవ్వు నలభై మందికీ పాకింది. కెప్టెన్‌కు మాటలు అర్థం కాలేదు గానీ, నవ్వు అర్థమైంది. సిలియన్‌ను పెడరెక్కలు విరిచి కట్టించాడు. డోలును దియోని ఒళ్ళో పడేయించాడు.

సిలియన్‌ను కొండ కిందికి నడిపించారు. కాళ్ళు ఈడుస్తున్నాడే గానీ ప్రాణమంతా చెవుల్లోనే ఉంది. వెనక డోలు మోగిందా, అంతా మట్టికొట్టుకుపోయినట్టే. మోగినా వాణ్ణి తిట్టే మొహం తనకు లేదు.

"కొట్టరా!" ఎల్వెరిస్ అరిచాడు.

"కొడతా," దియోని గొంతు వినిపించింది. "ముందు ఆసామి ఎవరో చెప్పు."

తుపాకీ మడమ దెబ్బ. మూలుగు. వెంటనే ఇంకో గొంతు, "చెప్పు, ఆసామి ఎవరు?" తర్వాత ఇంకొకటి. పారలు ఒకటొకటిగా రాళ్ళమీద పడుతున్న చప్పుడు.

సిలియన్‌ను మెడపట్టి తోశారు. తడబడి, నిలదొక్కుకుని నడిచాడు. కొండ మలుపు తిరిగేదాకా వెనక నలభై గొంతులూ అడుగుతూనే ఉన్నాయి. డోలు మాత్రం మోగలేదు.