అలవాట్లు లేవు

నేను ఒక రబ్బరు స్టాంపుని. నా ముఖాన రెండే మాటలు: 'అలవాట్లు లేవు'.

విశాఖపట్నంలో ఒక క్యాన్సర్ ఆసుపత్రి గుమాస్తా సింహాద్రప్పడు నన్ను చేయించుకున్నాడు. రొమ్ము, గర్భసంచి, నోరు, గొంతు, ఏ క్యాన్సరుతో వచ్చినా కాగితంలో పొగ, మందు, జర్దా గడి నింపాలి. మగవాళ్లను అడిగేవాడు. ఆడవాళ్లను అడగాలంటే అతనికి సిగ్గు. ఆ సిగ్గుకు మర్యాద అని పేరు పెట్టుకుని నాతో ముద్ర కొట్టేవాడు. మనుషులు తమకు కష్టమైన పనిని ఎదుటివాళ్ల గౌరవం కోసమే మానేశామనుకుంటారు.

పదకొండేళ్లు అలాగే గడిచాయి. అంగిలి క్యాన్సరు వచ్చిన ఇంతమంది ఆడవాళ్లకు ఏ అలవాటూ లేకపోవడమేమిటని డాక్టర్ హైమవతి ఏటా లెక్కలు చూసి నుదురు రుద్దుకునేది. కౌంటరు దగ్గరికి వంగిన ఆ నోళ్లలో చుట్ట వాసన నాకు తెలిసేది. కానీ నాకు వచ్చినవి ఆ రెండు మాటలే.

ఒక ఉదయం అతని అక్క నూకరత్నం వచ్చింది. జాలరిపేటలో ఎండుచేపలు అమ్ముతుంది. అంగిట్లో తెల్లమచ్చ. నిప్పువైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం, అంటే అడ్డపొగ, ఆమెకు ముప్పై ఏళ్ల అలవాటు. తమ్ముడికి తెలుసు. కానీ వెనక వరసలో జనం ఉన్నారు. ముద్ర కొట్టేశాడు. నన్ను చొక్కా జేబులో వేసుకుని అక్కను లోపలికి తీసుకెళ్లాడు.

డాక్టరు నోరు చూసి, తర్వాత కాగితం చూసింది. "అలవాట్లేమీ లేవు కదా. కట్టుడుపళ్ల రాపిడి అయ్యుంటుంది. మూడు నెలలు చూద్దాం. పొగ తాగవు కదమ్మా?"

"నేదు డాట్రమ్మా. మా తమ్ముడు రాసేసినాడు గదా."

జేబులో నా వీపుకు అతని గుండె తగులుతోంది.

"తాగుతుంది మేడమ్. అడ్డచుట్ట. చిన్నప్పుడు నేనే వెలిగించి ఇచ్చేవాణ్ణి."

"పొగ బయటికి రాందే తాగినట్టేట్రా? డాట్రమ్మ ముందర నా పరువు తీసేసినావు."

"పోనీలే అక్కా."

డాక్టరు మూడు నెలల మాట కొట్టేసి ఆ రోజే ముక్క పరీక్షకు రాసింది. క్యాన్సరే. మొదటి దశ. ఆపరేషన్ చేశారు. ఇప్పుడు నూకరత్నం చుట్టకు బదులు బుగ్గన లవంగం పెట్టుకుని తమ్ముణ్ణి తిడుతూ చేపలు అమ్ముతోంది.

నన్ను సొరుగులో పడేశారు. పైన అతని గొంతు వినిపిస్తుంటుంది. "నిప్పు లోపలికా అమ్మా, బయటికా?" కొందరు కసురుకుంటారు. కొందరు గొంతు తగ్గించి చెబుతారు: "లోపలికే బావూ."

పదకొండేళ్ల నా ముద్రలు రికార్డు గదిలో కట్టలుగా ఉన్నాయి. మొన్న అతను ఒక కట్ట విప్పి, పాత నంబర్లకు అదే ప్రశ్నతో ఫోన్లు చేశాడు. ఎక్కువసార్లు మగవాళ్లే ఎత్తారు. ఆవిడ ఇక లేదండీ, అన్నారు.