వేడినీళ్ల తొట్టిలో తగ్గిన బీపీ

మా ఆయన సిటీ బస్సు నడుపుతాడు. పోయినసారి డిపో డాక్టరమ్మ బీపీ చూసి, "రోజూ మాత్ర వేసుకోండి, కాస్త ఒళ్లు వంచండి. మళ్లీ వచ్చేసరికి తగ్గకపోతే స్టీరింగ్ ఇవ్వం, స్టోర్‌లో టైర్లు చూసుకోవాలి" అని చెప్పేసింది. ఆ రోజు కంచం ముందు కూర్చుని అలాగే లేచిపోయాడు. స్టీరింగ్ లేకపోతే ఆ మనిషి మనిషి కాడు. నాకూ దిగులేసింది.

మర్నాటి నుంచి పరుగు. ఇంటి మెట్లెక్కితేనే ఆయాసపడే మహానుభావుడికి మొదటి వారమే పిక్కలు పట్టేశాయి. పరుగెత్తడం ఎవరైనా చేస్తారు, పరుగెత్తాక సేదతీరడమే అసలు విద్య అని డిపోలో ఓ మెకానిక్ చెవిలో ఊదాడట. ఇంకేముంది, కోతికి కొబ్బరిచిప్ప దొరికింది.

ముందు ఐసు. ఫ్రిజ్‌లో ఉన్నదంతా బట్టలు నానబెట్టే తొట్టిలో పోసుకుని నడుము దాకా దిగాడు. పళ్లు టకటకలాడుతుండగా, కొత్తగా కొన్న మిషన్‌తో బీపీ చూసుకుంటే అంకె ఆకాశంలో ఉంది.

"మిషన్ పాడైందే!" అన్నాడు.

ఔను మరి, ఆడలేక మద్దెల ఓడు. తర్వాత పిక్కలు బిగించే మేజోళ్లు. తొడుక్కోవడం ఆయన వంతు, ఊడలాగడం నా వంతు. ఓసారి లాగుతూ లాగుతూ నేనే వెల్లకిలా పడ్డాను. ఆ రోజు నా బీపీ ఎవరూ చూడలేదు.

చివరికి వేడినీళ్లు దొరికాయి. పరుగెత్తి వచ్చి, తొట్టిలో బాగా నాని, వెంటనే చూసుకుంటే అంకె బుద్ధిగా దిగింది.

"చూశావా! రోగం చెమటతో పోయింది."

"ఏమండీ, పొద్దున లేవగానే కూడా ఓసారి చూసుకోండి."

"అప్పుడెందుకే? ఎక్కువ వస్తుంది!"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నెత్తీ నోరూ కొట్టుకుని ఊరుకున్నాను.

పరీక్ష రోజు తన విజయం చూడమని నన్నూ తీసుకెళ్లాడు. డిపో చుట్టూ పరుగెత్తి, డ్రైవర్ల స్నానాలగదిలో బకెట్ల కొద్దీ వేడినీళ్లు గుమ్మరించుకుని, పొగలు కక్కుతూ వచ్చి కూర్చున్నాడు. డాక్టరమ్మ బీపీ చూసి, "భలే తగ్గిందే!" అని పెన్ను తీసింది. ఆ మాటకి మా ఆయన నావైపు గర్వంగా చూస్తూ దిగ్గున లేచాడు. మొహం తెల్లగా పాలిపోయింది. ఉన్నచోటే కూలిపోయాడు.

నా పైప్రాణాలు పైనే పోయాయి. వెటకారమంతా ఎటుపోయిందో, "ఏమండీ, ఏమండీ" అనడం తప్ప ఇంకో మాట రాలేదు. డాక్టరమ్మ ఆయన కాళ్లు ఎత్తి పట్టుకోమంది. కాసేపటికి కళ్లు తెరిచాడు. పరుగూ వేడినీళ్లూ అన్నీ నేనే ఆమెకి చెప్పేశాను.

"పరుగెత్తాక బీపీ కాసేపు ఎలాగూ తగ్గుతుంది. పైన వేడినీళ్లు కూడానా! లేచి నిలబడేసరికి రక్తం తలకి అందలేదు" అందామె. ఆయన తేరుకున్నాక, కదలకుండా కూర్చోబెట్టి మళ్లీ చూసింది. పోయినసారి కన్నా ఎక్కువ ఉంది.

"మాత్ర వేసుకుంటున్నారా?"

మా ఆయన నావైపు దొంగచూపు చూశాడు. "వేడినీళ్లుండగా మాత్రెందుకని..."

మానేశాడట! నాకు ఒళ్లు మండిపోయింది.

"ఈ రెండిట్లో మీ బీపీ ఏదండీ?" అంది డాక్టరమ్మ. "ఇదే బస్సులో జరిగితే?"

ఆమె పెన్ను మూసేసింది. మళ్లీ పరీక్ష దాకా టైర్లే.

ఇంటికి బస్సులోనే వచ్చాం. తిట్టడానికి దారి పొడవునా మాటలు కూడబెట్టుకున్నాను. కానీ ఆయన డ్రైవర్ పక్క సీట్లో కూర్చుని కూడా ఒక్కసారి రోడ్డు వైపు చూడలేదు. వెనక నిలబడ్డ జనాన్నే చూస్తూ వచ్చాడు.

మర్నాడు పొద్దున బూట్లు పక్కన పెట్టి, కుర్చీలో కాసేపు ఊరికే కూర్చుని బీపీ చూసుకున్నాడు.

"ఏమే, ఇలా రా," అని మిషన్ నావైపు తిప్పాడు. "ఇదీ నాది."

అంకె ఏమంత బాగా లేదు. మాత్ర, మంచినీళ్లు చేతికిచ్చాను. మింగాక నోరు తెరిచి చూపించమన్నాను. కిక్కురుమనకుండా చూపించాడు.